ఆటలో అరటిపండు: పాలమూరు ప్రాంతంలో పిల్లల ఆటలు, వయసు, ఓటమి

1. ప్రస్తావన

కల్వకుర్తిలోనో, చుట్టుపక్కల ఏదైనా పల్లెలోనో సాయంత్రం పూట పిల్లలు ఆడుకునే చోట కాసేపు నిలబడండి. పది పన్నెండేళ్ల పిల్లలు రెండు జట్లుగా విడిపోతుంటారు. వారిలో ఒకరి తమ్ముడు, నాలుగైదేళ్ల వాడు, నేనూ ఆడతానని ఏడుపు మొదలుపెడతాడు. వాణ్ని ఎవరూ వెళ్లగొట్టరు. "నువ్వు ఆటలో అరటిపండువి" అంటారు. అంటే వాడు అందరితో పాటు పరుగెత్తవచ్చు, పట్టుకోవచ్చు, పట్టుబడవచ్చు. పట్టుబడినా అవుట్ కాడు. వాడి వల్ల ఏ జట్టుకూ లాభం లేదు, నష్టం లేదు. తాను లెక్కలో లేనన్న సంగతి వాడికి తెలియదు. తెలిసే వయసు వచ్చేసరికి, అంటే తననూ లెక్కలో వేసుకోమని వాడే పోట్లాడే నాటికి, వాడికి ఆట వచ్చి ఉంటుంది.

ఈ మాటను మనం పెద్దవాళ్లకు అన్వయించి ఎగతాళిగా వాడుతుంటాం. కానీ అది పుట్టిన చోట ఎగతాళి కాదు, ఒక నియమం. చిన్న వయసు వాణ్ని ఆటలోకి రానివ్వాలి, ఆటలోని దెబ్బ మాత్రం వాడికి తగలకూడదు. ఈ పనిని నేటి క్రీడా సంఘాలు వయో విభాగాలు, బరువు పరిమితులు, చిన్న మైదానాల ద్వారా చేస్తున్నాయి. పల్లె పిల్లలు ఒక్క మాటతో చేశారు.

ఏ వయసు పిల్లలు ఏ ఆట ఆడాలి, ఎంత కష్టపడాలి, ఓడితే ఏమవ్వాలి అన్న విషయాలను పాలమూరు ప్రాంతంలో ఎవరు, ఎప్పుడు నిర్ణయించారో ఈ పాఠంలో చదువుతారు. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా కల్వకుర్తి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అందుకే పాత జిల్లా మొత్తాన్నీ దృష్టిలో పెట్టుకుని 'పాలమూరు' అనే మాట వాడుతున్నాం. మీలో కొందరికి పిల్లలుండవచ్చు, కొందరు బడిలో పనిచేస్తూ ఉండవచ్చు. మీ అనుభవాన్ని పక్కన పెట్టి చదవనక్కర్లేదు. ఈ విషయంలో అదీ ఒక ఆధారమే.

2. చిన్న విల్లు, ప్రాణం తిరిగొచ్చే ఆట

పిల్లల ఆటలకు శాసనాలు లేవు. రాజుల వేటలు, మల్లుల కుస్తీలు రాతల్లోకి ఎక్కాయి గానీ గోలీలాట, గిల్లీదండ, తొక్కుడుబిళ్ల, ఓమనగుంటలు నోటి మాటగానే మిగిలాయి. వీటి గురించి తెలుసుకోవాలంటే ముసలివాళ్లను అడగాలి, లేదా ఆటల నియమాలనే ఆధారాలుగా చదవాలి.

నల్లమలలోని చెంచుల ఉదాహరణ చూడండి. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వెలువడింది. అప్పటికి అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచులకు అడవే బతుకుదెరువు. అలాంటి సమాజంలో పిల్లవాడు విల్లును తండ్రి చేతిలోంచి అందుకోడు. వాడి చేతికి సరిపడే చిన్న విల్లుతో ఆడుతూ మొదలుపెడతాడు. ఆటకూ పనికీ మధ్య గీత అక్కడ స్పష్టంగా ఉండదు. అయినా పరికరం మాత్రం పిల్లవాడి కొలతకే ఉంటుంది. ఇది చిన్న సంగతిలా కనిపించినా మనసులో ఉంచుకోండి. ఆధునిక క్రీడ ఇదే సూత్రాన్ని చాలా ఆలస్యంగా కనుక్కుంది. గుండు విసిరే పోటీలో పురుషుల గుండు 7.26 కిలోలు, 18 ఏళ్ల లోపు బాలురకు 5 కిలోలు, బాలికలకు 3 కిలోలు అని ఇవాళ పుస్తకాల్లో రాసి ఉంటుంది.

ఇక కబడ్డీ. మన దగ్గర చెడుగుడు అని కూడా అంటాం. పూర్వం ఈ ఆటకు దేశంలో ప్రధానంగా మూడు పద్ధతులుండేవి. సంజీవని పద్ధతిలో, మనవాడు అవుటై బయట కూర్చున్నాక మన జట్టు అవతలివాణ్ని ఒకణ్ని అవుట్ చేస్తే, మనవాడు బతికి మళ్లీ ఆటలోకి వస్తాడు. గామిని పద్ధతిలో అవుటైనవాడు జట్టంతా అవుటయ్యేదాకా బయటే ఉండాలి. అమర్ పద్ధతిలో అవుటైనా బయటికి పోనక్కర్లేదు, ఎదుటి జట్టుకు పాయింటు పోతుంది, అంతే. ఇరవయ్యో శతాబ్దంలో మహారాష్ట్రలోని వ్యాయామ సంస్థలు ఆటకు నియమాలు కూర్చాయి. అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా దాన్ని ప్రదర్శించింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో అది పతకాల పోటీ అయింది. ఈ ప్రయాణంలో నిలిచింది సంజీవని పద్ధతికి దగ్గరి రూపమే.

పిల్లల మనసు కోణం నుంచి చూస్తే ఈ మూడింటి మధ్య తేడా చిన్నది కాదు. గామినిలో తొందరగా అవుటైన పిల్లవాడు మిగిలిన ఆటంతా చూస్తూ కూర్చుంటాడు. సాధారణంగా తొందరగా అవుటయ్యేది బలహీనుడే కాబట్టి, ఎక్కువ సాధన అవసరమైనవాడికే తక్కువ ఆట దక్కుతుంది. అమర్‌లో ఓటమి తెలియనే తెలియదు. సంజీవనిలో మాత్రం ఓటమి ఉంది, దాని నుంచి తిరిగిరావడమూ ఉంది. పైగా ఆ తిరిగిరావడం తోటివాళ్ల ఆట మీద ఆధారపడి ఉంటుంది. అవుటైనవాళ్లు ఏ వరుసలో బయటికి పోయారో ఆ వరుసలోనే లోపలికి రావాలి, బలవంతుణ్ని ముందు పిలుచుకోవడానికి వీల్లేదు. మనోధైర్యం గురించి ఇప్పుడు శిబిరాలు నడుపుతున్నారు, ఉపన్యాసాలు ఇస్తున్నారు. కబడ్డీ బరి పక్కన గీసిన ఆ కూర్చునే గడిలో పిల్లలు నేర్చుకునేదాన్ని ఏ ఉపన్యాసమూ నేర్పలేదని నా అభిప్రాయం.

3. డ్రిల్ మాస్టారు

పిల్లల ఆట పెద్దల చేతిలోకి వచ్చింది బడి ద్వారా. మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాదిలో వ్యాయామ ఉపాధ్యాయుడనే ఉద్యోగానికి రూపమిచ్చిన సంస్థల్లో మొదటిది. బక్ 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుతోనూ ప్రయాణించాడు. ఈ తరహా శిక్షణ పొందినవారు వచ్చాక బడి కాలపట్టికలో ఆటకు ఒక గంట దొరికింది. ఆటతో పాటు ఈల, వరుస, 'సావధాన్' కూడా వచ్చాయి. మన ఊళ్లలో ఆయన్ను 'డ్రిల్ సార్' అన్నారు, తరువాత 'పీఈటీ సార్' అయ్యాడు.

నిజాం రాజ్యంలో క్రీడలు లేకపోలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ దేశానికే పేరు తెచ్చింది. స్వయంగా బడి పంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అయితే ఇదంతా నగరం కథ. పాలమూరు పల్లెల్లో బడులే తక్కువ, ఇక మైదానాలు, డ్రిల్ సార్లు ఎక్కడి నుంచి వస్తారు? 2011 జనాభా లెక్కల్లో కూడా మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అదే అట్టడుగు. బడి ముఖం చూడని పిల్లలకు బడి ఆటలు ఎలా అందుతాయి?

4. ఆడుకునే పొద్దు ఎవరిది?

ఇక్కడ ఒక అడుగు వెనక్కి వేయాలి. పిల్లలకు ఏ ఆట తగినది అని అడగడానికి ముందు ఆడుకునే పొద్దు వారి చేతిలో ఉందా అని అడగాలి.

కరువు, అప్పు పాలమూరు కుటుంబాలను వలస కూలీలుగా మార్చాయి. గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనులకు దేశమంతా వెళ్లిన 'పాలమూరు లేబర్'లో తల్లిదండ్రుల వెంట పిల్లలూ ఉన్నారు. పని చోట పిల్లలంటే చంటివాళ్లను చూసుకునే చేతులు, నీళ్లు మోసే చేతులు.

గద్వాల ప్రాంతంలోనూ, కృష్ణ, తుంగభద్రలకు అవతల కర్నూలు జిల్లాలోనూ మరో పని వచ్చింది. మన దేశంలో తొలి సంకర పత్తి వంగడం హెచ్-4ను 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రం విడుదల చేసింది. సంకర విత్తనం తయారు చేయాలంటే సాయంత్రం ఒక్కో మొగ్గను విప్పి కేసరాలు తీసేయాలి. మరునాడు ఉదయం వేరే రకం పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. దీన్నే రైతులు 'క్రాసింగ్' అంటారు. నెలల తరబడి, రోజూ, చెట్టు చెట్టుకూ చేయాలి. చిన్న వేళ్లు, తక్కువ కూలి, ఎదురు చెప్పని స్వభావం అన్న లెక్కలతో ఈ పనికి ఆడపిల్లలను పెట్టారు. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచి ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చారు. సాయంత్రం, ఉదయం అన్న ఆ రెండు వేళలను మరోసారి చూడండి. సాయంత్రం పల్లెలో పిల్లలు ఆడుకునే పొద్దు. ఉదయం బడి గంట మోగే పొద్దు. పత్తి పువ్వు ఆ రెండింటినీ తీసుకుంది.

దీనికి ఎదురు నిలిచిన ప్రయత్నాల్లో ముఖ్యమైనది పొరుగు రంగారెడ్డి జిల్లాలో మొదలైంది. శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న వాదంతో 1990ల్లో పిల్లలను పని నుంచి తప్పించి, శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. ఈ కృషికి ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం లభించింది. పదకొండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మానేస్తుంది కాబట్టి వయసుకు తగిన తరగతి అవసరమని ఆ కార్యకర్తలు పట్టుబట్టారు. అదే ఆలోచన 2009 విద్యా హక్కు చట్టంలోకి వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆ చట్టం షెడ్యూల్ బడికి ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ ఆటవస్తువులు ఇవ్వాలని చెబుతుంది. వందకు మించి పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలకు వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ శిక్షకుడు ఉండాలనీ అంటుంది. అంతకు ముందే, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ హక్కులుగా పేర్కొంది. భారతదేశం దాన్ని 1992లో ఆమోదించింది.

చట్టంలో ఉన్నవన్నీ బడిలో ఉన్నాయా? మీ ఊరి బడికి వెళ్లి చూస్తే ఈ పుస్తకం కంటే బాగా తెలుస్తుంది. ఆటస్థలం ఉన్నచోట కూడా పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్‌ను లెక్కల సారు తీసుకోవడం మనందరం చూసిందే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: సంజీవని, గామిని పద్ధతుల్లో ఏది మీ ఊరి పిల్లల ఆటలకు దగ్గరగా ఉంది? ఒక ఉదాహరణతో ఐదు వాక్యాల్లో రాయండి.

5. అండర్-14 అనే మాట

స్వాతంత్ర్యం తరువాత బడి ఆటలు జాతీయ పోటీలుగా మారాయి. పాఠశాల క్రీడా సమాఖ్య 1954లో ఏర్పడింది. అండర్-14, అండర్-17, అండర్-19 అన్న విభాగాలు మీరు బడిలో విన్నవే. కబడ్డీలో వయసుతో పాటు శరీర బరువుకూ పరిమితి పెట్టారు. సబ్ జూనియర్ల బరిని పురుషుల బరి కంటే చిన్నదిగా గీస్తారు. ఆట సమయాన్నీ తగ్గించారు. పురుషులకు ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలైతే పిల్లలకు పదిహేను నిమిషాల చొప్పున రెండే. ఇది చెంచు పిల్లవాడి చిన్న విల్లు వంటి ఏర్పాటే.

ఏర్పాటు మంచిదే, కానీ అది ఒక కాగితం మీద ఆధారపడి ఉంది. చరిత్ర విద్యార్థులుగా ఇక్కడ మీరు ఆగాలి. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, పల్లెల్లో చాలామంది పుట్టినరోజు బడిలో చేర్చిన రోజున సారు అంచనాతో వేసిన తేదీయే. పాత అడ్మిషన్ రిజిస్టర్ తెరిస్తే జూన్ నెలలో పుట్టినవాళ్లు ఎందుకంత ఎక్కువో మీకే అర్థమవుతుంది. తెలియక పడిన తేదీ ఒక రకం. గెలుపు కోసం కావాలని తగ్గించిన వయసు ఇంకో రకం. ఈ రెండో దాన్ని అరికట్టడానికి కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2010లో ఒక జాతీయ నియమావళి తెచ్చింది. ఎముకల ఎక్స్‌రే ద్వారా వయసు అంచనా వేసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. పదహారేళ్లవాడు అండర్-14లో ఆడితే పతకం ఒకటి తప్పుడు చేతికి పోతుంది, అంతే కదా అనిపించవచ్చు. అసలు నష్టం ఎదురుగా నిలబడిన నిజమైన పదమూడేళ్ల పిల్లవాడిది. వాడు ఓడిపోవడానికి కారణం వాడికి తెలియదు. నాకు ఆట రాదు అనుకుని ఇంటికి పోతాడు. వాడికి సంజీవని లేదు.

పోటీని ఎంత తొందరగా మొదలుపెట్టాలన్న దాని మీద దేశాలు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నాయి. నార్వే క్రీడా సమాఖ్య 1987లో పిల్లల క్రీడలకు నిబంధనలు చేసి, 2007లో వాటిని సవరించింది. వాటి ప్రకారం పదకొండేళ్ల లోపు పిల్లల పోటీల్లో ఫలితాల పట్టికలు, ర్యాంకులు ప్రకటించరు. పిల్లలు ఆడతారు, గెలుస్తారు, ఓడతారు. లెక్క మాత్రం రాయరు. మన అరటిపండు సూత్రాన్ని ఒక దేశం నియమావళిగా రాసుకుందని నవ్వుకోవచ్చు. నవ్వినా, మనం రాసుకోలేదన్నది గుర్తుంచుకోవాలి.

6. ఎవరెస్ట్ మీద పదమూడేళ్ల పిల్ల

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ శిఖరం చేరింది. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన వ్యవసాయ కూలీల కుటుంబంలో పుట్టిన లంబాడా బాలిక. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా శిఖరం ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా వారం ఉంది. ఈ యాత్రకు పూనుకున్న గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పాలమూరు వారే, అలంపూర్‌లో పుట్టారు.

ఇక్కడ గురుకులాల గురించి రెండు మాటలు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. 1980ల్లో దళిత బాలబాలికల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఆట విషయంలో వీటి ప్రత్యేకత ఏమిటంటే పిల్లల సాయంత్రం పూర్తిగా బడి చేతిలో ఉంటుంది. పత్తి చేను, చంటి తమ్ముడు, కట్టెల మోపు ఆ సాయంత్రాన్ని తీసుకోలేవు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పదమూడేళ్ల పిల్లను ఎవరెస్ట్‌కు పంపడం సబబేనా? నేపాల్ వైపు నుంచి ఎక్కడానికి పదహారేళ్లు నిండాలి. అందువల్ల బృందం టిబెట్ వైపు నుంచి వెళ్లింది. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి 16 మంది పర్వతారోహణ సహాయకులు మరణించారు. ఆ వార్త తెలిసిన తరువాత కూడా యాత్ర సాగింది. ఒక దేశం కూడదన్న వయసులో మరో దేశం దారి ఉపయోగించుకోవడాన్ని కేవలం సాంకేతిక విషయంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

పోలిక కోసం పొరుగు ఒడిశా చూడండి. 2006 మేలో నాలుగేళ్ల బుధియా సింగ్ చేత పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తించారు. జనం రోడ్డుకిరువైపులా నిలబడి చప్పట్లు కొట్టారు. వైద్యులు, బాలల సంక్షేమ అధికారులు అభ్యంతరం చెప్పాక ప్రభుత్వం ఆ పరుగులను ఆపించింది. నాలుగేళ్లవాడికి అలసట తెలుస్తుంది. ఆపేస్తాను అని చెప్పే హక్కు తనకుందని తెలియదు. ఎదిగే ఎముకల చివర మెత్తని భాగం దెబ్బతినవచ్చని వైద్యులు అంటారు. కానీ వైద్యం దాకా పోనక్కర్లేకుండానే ఆ పరుగులోని తప్పు కనిపిస్తుంది. అక్కడ పిల్లవాడి ఆట లేదు, పెద్దవాళ్ల పందెం ఉంది.

పూర్ణ విషయంలో తేడా ఎక్కడుంది? నూరు మందికి పైగా పిల్లలకు భువనగిరి కొండ మీద రాతి ఎక్కడం నేర్పారు. వారిలో కొందరిని డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకు పంపారు. తరువాత ఇంకా కొద్దిమందిని చలికాలంలో లడఖ్‌కు తీసుకువెళ్లారు. చివరకు ఇద్దరు మిగిలారు. మెట్టు మెట్టుకూ ఆగిపోయే అవకాశం ఉంది. శిక్షకుడు శేఖర్ బాబు అనుభవమున్న పర్వతారోహకుడు. పూర్ణ ఆ తరువాత కూడా మానలేదు, 2022 నాటికి ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలన్నీ ఎక్కింది. బలవంతాన ఎక్కిన పిల్ల ఎనిమిదేళ్ల పాటు మళ్లీ మళ్లీ కొండల దగ్గరికి పోదు.

అయినా నా మనసులో ఒక సందేహం మిగిలే ఉంది. ఫలితం మంచిదైంది కాబట్టి నిర్ణయం మంచిదని చెప్పడం చరిత్రకారుడికి తగదు. అదే నిర్ణయం మంచుచరియ కింద ముగిసి ఉంటే మనం ఈ పుస్తకంలో వేరే వాక్యాలు రాసేవాళ్లం. నా దృష్టిలో ఈ కార్యక్రమం విలువ శిఖరం మీద లేదు, భువనగిరి కొండ మీద ఉంది. అక్కడ తాడు పట్టుకుని, భయపడి, జారి, మళ్లీ ప్రయత్నించి, తరువాతి మెట్టుకు ఎంపిక కాక తిరిగి హాస్టల్‌కు వచ్చిన పిల్లలున్నారు. వాళ్ల ఫొటోలు పత్రికల్లో రాలేదు. తిరిగివచ్చిన రోజు వాళ్లతో సార్లు ఏం మాట్లాడారు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ ఏమంది, మరునాడు పొద్దున వాళ్లు మైదానానికి వెళ్లారా లేదా అన్నది మనకు కావలసిన చరిత్ర. కల్వకుర్తిలో మండల స్థాయి పోటీలో మొదటి రౌండ్‌లోనే ఓడి తిరిగి వచ్చిన జట్టు చరిత్ర కూడా ఇలాంటిదే.

7. మీరు చేయవలసిన పని

మీ ఊరిలో ముగ్గురిని కలవండి. అరవై దాటిన ఒకరు, మీ వయసువారు ఒకరు, బడికి పోయే పిల్ల ఒకరు. చిన్నప్పుడు ఏ ఆటలు ఆడారు, ఎక్కడ ఆడారు, ఆ జాగాలో ఇప్పుడేముంది, పిల్లలను ఆట మధ్యలోంచి ఎవరు, ఏ పనికి పిలిచేవారు అని అడగండి. చెప్పింది చెప్పినట్లు, వారి మాటల్లోనే రాసుకోండి. అరటిపండు అనే మాటకు మీ వైపు వేరే పేరుంటే ఆ పేరే రాయండి. వీలైతే ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో పది పుట్టిన తేదీలు చూసి, ఏ నెలలవో రాసుకోండి. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.

ముగ్గురిలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండేలా చూడండి. ఆట ఎప్పుడు మొదలుపెట్టారని అడిగితే చాలామంది చెప్పలేరు. ఆట ఏ వయసులో మానేశారు, ఆ రోజు ఎవరు వద్దన్నారు అని అడగండి. దానికి వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది.